ఫార్మసీ పట్టా, బోస్టన్‌లో మూడు అడ్మిట్లు: ఒక ఎంపిక పూర్వాపరాలు

ఈ కేసులోని విద్యార్థినిది గుంటూరు జిల్లా. నాలుగేళ్ల బి.ఫార్మసీ పూర్తి చేసి, హైదరాబాద్ శివార్లలోని ఒక మాత్రల తయారీ సంస్థలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో రెండేళ్లుగా పనిచేస్తూ, 2022 ఫాల్ సెమిస్టర్‌కు అమెరికాలో ఎం.ఎస్.కు దరఖాస్తు చేసుకుంది. తండ్రితో కలిసి విదేశీ చదువుల సలహాదారునైన నా దగ్గరకు వచ్చేనాటికే ఆమె చేతిలో మూడు అడ్మిట్లు, అంటే ప్రవేశ అనుమతులు, ఉన్నాయి. మూడూ బోస్టన్‌లోనివే: నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ, మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన యూమాస్ బోస్టన్‌లో బయోటెక్నాలజీ, ఎంసీపీహెచ్ఎస్ అని పిలిచే ఫార్మసీ విద్యాసంస్థలో రెగ్యులేటరీ అఫైర్స్ (ఔషధాలకు ప్రభుత్వ అనుమతులు తెచ్చే పని). మూడింటిలో దేనికి డిపాజిట్ కట్టాలన్నది వారి ప్రశ్న. వారిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి, కుటుంబం అనుమతితో ఈ కేసును రాస్తున్నాను. నేను కుటుంబాల దగ్గర మాత్రమే ఫీజు తీసుకుంటాను, విశ్వవిద్యాలయాల నుంచి కమిషన్ తీసుకోను. ఎంపిక గురించి సలహా ఇచ్చే ఎవరినైనా ముందుగా ఈ సంగతి అడిగి తెలుసుకోవాలని నా దగ్గరకు వచ్చే ప్రతి తల్లికీ తండ్రికీ చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను.

బోస్టన్ అనగానే మన ఇళ్లలో అందరికీ తోచేవి హార్వర్డ్, ఎంఐటీ. నిజానికి ఆ రెండూ చార్లెస్ నదికి అవతలి ఒడ్డున కేంబ్రిడ్జ్ అనే వేరే పట్టణంలో ఉన్నాయి. ఆ పేర్ల వెలుగు మొత్తం ప్రాంతం మీద పడటంతో, అక్కడి ఏ కళాశాలలో చేరినా అదే వాతావరణం, అవే అవకాశాలు దొరుకుతాయన్న నమ్మకం బలపడింది. ఈ కుటుంబానిదీ అదే నమ్మకం. బోస్టన్‌ను ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. ఔషధ పరిశోధనకు, తయారీకి సంబంధించిన సంస్థలు అంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు అమెరికాలో చాలా తక్కువ. అయితే ఆ సంస్థల్లో ఏది నగరం మధ్యలో ఉంది, ఏది పొలిమేర దాటి ఉంది, ఏ పని ఎక్కడ దొరుకుతుంది అన్న తేడాలు ఎవరూ వారికి విడమరిచి చెప్పలేదు.

మొదటి సమావేశంలో ఎక్కువ సమయం ఒక అపోహను తొలగించడానికే పట్టింది. తండ్రిగారు స్పష్టంగా అన్నారు: "మా అమ్మాయి చదివింది ఫార్మసీ అండీ. ఫార్మసీ కాలేజీలోనే చేరితే రేపు అక్కడ ఫార్మసిస్టుగా లైసెన్సు వస్తుంది కదా?" ఎంసీపీహెచ్ఎస్ 1823లో మొదలైన సంస్థ. పెద్ద పెద్ద ఆసుపత్రులు, హార్వర్డ్ వైద్య కళాశాల ఉన్న లాంగ్‌వుడ్ ప్రాంతంలో ఉంది. ఆ పేరు, ఆ పరిసరాలు చూస్తే అలా అనుకోవడం సహజమే. కానీ ఎం.ఎస్. పట్టా ఏ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా దానితో అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు రాదు. విదేశాల్లో చదివినవారు లైసెన్సు దారిలోకి రావాలంటే ముందుగా ఎఫ్‌పీజీఈసీ అనే అర్హత పత్రం పొందాలి. 2003 జనవరి 1 తరువాత పట్టా పొందినవారైతే, ఆ పత్రానికి కనీసం అయిదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. మన నాలుగేళ్ల బి.ఫార్మసీ ఆ షరతు దగ్గరే ఆగిపోతుంది. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి చదివినవారి సంగతి వేరు. బి.ఫార్మసీ చదివినవారికి అక్కడ లైసెన్సు కావాలంటే అక్కడే మళ్లీ ఫార్మ్.డి చదవడమే సాధారణ దారి. ఆ ఖర్చు, ఆ కాలం ఈ కుటుంబం ఆలోచనలోనే లేవు. ఈ విషయం విన్నాక తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదు. ఇంతకుముందు కలిసిన ఇద్దరు సలహాదారులు దీని గురించి ఒక్క మాటైనా చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. రుణం చేసి పంపే కుటుంబానికి అన్నిటికంటే ముందు తెలియవలసిన విషయం ఇదే.

లైసెన్సు మాట పక్కకు వెళ్లాక అసలు ప్రశ్న బయటపడింది: ఈ అమ్మాయికి చేతిలో ఉన్న పని ఏమిటి, దానికి అక్కడ గిరాకీ ఎక్కడ ఉంది? ఆమె రోజూ చేసేది నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద నమూనాల పరీక్ష, మాత్ర ఎలా కరుగుతుందో చూసే డిసొల్యూషన్ పరీక్షలు, స్థిరత్వ అధ్యయనాల రికార్డులు రాయడం. ఒక పరీక్షలో ఫలితం పరిమితి దాటి వస్తే ఏం చేస్తావని అడిగాను. నమూనాను వెంటనే మళ్లీ పరీక్షించకూడదనీ, ముందు ప్రయోగశాలలో పొరపాటు జరిగిందేమో దర్యాప్తు చేయాలనీ, కాలమ్, స్టాండర్డ్ ద్రావణం, తూకం చిట్టా ఏ వరుసలో చూడాలో కూడా తడుముకోకుండా చెప్పింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలు జరిగే సంస్థలో పనిచేసినవారికే ఆ క్రమశిక్షణ వస్తుంది. దరఖాస్తు సమయంలో తన లక్ష్యాలు వివరిస్తూ రాసిన ఎస్ఓపీ వ్యాసంలో మాత్రం ఇదంతా ఒక్క వాక్యంలో ముగిసింది, మిగిలినదంతా చిన్ననాటి నుంచి సైన్సు మీద ఉన్న ఇష్టం గురించే.

ఈ నైపుణ్యానికి కొనసాగింపు రెగ్యులేటరీ అఫైర్స్‌లో కంటే బయోటెక్నాలజీలో, అందులోనూ ప్రొటీన్ ఔషధాల విశ్లేషణ వైపు ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. రెగ్యులేటరీ పని మంచిదే. కానీ ఆ విభాగంలో తొలి ఉద్యోగానికి కూడా దరఖాస్తు పత్రాలు తయారుచేసిన అనుభవం అడుగుతారు, ఆమెకు అది లేదు. దీనికి తోడు వీసాకు సంబంధించిన లెక్క ఒకటి ఉంది. చదువు తరువాత పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు వస్తాయి. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలల పొడిగింపు వస్తుంది. జాబితాలో ఉందో లేదో తేల్చేది కోర్సు పేరు కాదు, వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ముద్రించే సీఐపీ కోడ్, అంటే కోర్సు వర్గాన్ని తెలిపే సంఖ్య. బయోటెక్నాలజీకి 26.1201 అనే కోడ్ ఉంది, అది జాబితాలో ఉంది. రెగ్యులేటరీ అఫైర్స్ వంటి పేర్లున్న కోర్సులకు విశ్వవిద్యాలయాలు తమ తమ నిర్ణయం ప్రకారం వేర్వేరు కోడ్లు ఇస్తుంటాయి కాబట్టి, పేరు చూసి ఊహించకుండా ప్రతి చోటికీ ఈమెయిల్ రాసి కోడ్‌ను లిఖితపూర్వకంగా తెప్పించుకోమన్నాను. ఆ పని ఆమే చేసింది. తన చదువుకు సంబంధించిన ప్రశ్నలు విద్యార్థే అడగాలని నేను పట్టుబడతాను.

నార్త్‌ఈస్టర్న్ అడ్మిట్‌ను ఇంకొంచెం దగ్గరగా చూశాం. ఆ విశ్వవిద్యాలయానికి బోస్టన్‌లోని హంటింగ్టన్ అవెన్యూ క్యాంపస్ మూలస్థానం. సియాటిల్, సిలికాన్ వ్యాలీ, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్, కెనడాలోని టొరంటో, వాంకూవర్ వంటి చోట్ల కూడా దానికి క్యాంపస్‌లున్నాయి. పట్టా మీద పేరు ఒకటే అయినా, విద్యార్థి బతకవలసిన ఊరు, దొరికే గదులు, దగ్గరలోని సంస్థలు పూర్తిగా మారిపోతాయి. అందువల్ల అడ్మిట్ పత్రంలో కోర్సు పేరు కింద ఉన్న క్యాంపస్ పేరును ఆమె చేత పైకి చదివించాను. బోస్టన్ అనే ఉంది, సరిపోయింది. ఆ ఒక్క పంక్తి చూడకుండా టిక్కెట్టు కొనుక్కునేవారు ఉంటారు. ఇలాంటిదే మరొక విషయం బోస్టన్ విశ్వవిద్యాలయం గురించి అడిగేవారికి చెబుతుంటాను. అక్కడ ఒకే సబ్జెక్టులో ఎం.ఎస్. వేర్వేరు కళాశాలల కింద ఉండవచ్చు. వాటిలో మెట్రోపాలిటన్ కళాశాల తరగతులు ఎక్కువగా సాయంత్రం వేళ, ఉద్యోగస్తుల కోసం జరుగుతాయి. ఏ కళాశాల కింద అడ్మిట్ వచ్చిందో చూసుకోకపోతే చేరేది ఒకటి, అనుకున్నది మరొకటి అవుతుంది.

నార్త్‌ఈస్టర్న్‌కు అతి పెద్ద ఆకర్షణ కో-ఆప్. చదువు మధ్యలో కొన్ని నెలలు సంస్థల్లో పూర్తి సమయం పనిచేసే ఈ పద్ధతి అక్కడ 1909 నుంచి నడుస్తోంది, సంస్థలతో దానికి ఉన్న అనుబంధం కూడా గట్టిదే. ఆమెకు అది చాలా నచ్చింది, నచ్చడం న్యాయం కూడా. అయితే కో-ఆప్ అంటే విశ్వవిద్యాలయం తీసుకెళ్లి ఉద్యోగంలో కూర్చోబెట్టడం కాదు. రెజ్యూమె పంపడం, ఇంటర్వ్యూలకు హాజరవడం, తిరస్కారాలు తట్టుకోవడం అన్నీ విద్యార్థివే. కో-ఆప్ జీతంతో రుణంలో కొంత తీరుతుందని తండ్రిగారి లెక్కలో ఒక వరుస ఉంది. ఆ వరుసను కొట్టివేసి మళ్లీ లెక్క వేయమన్నాను. వస్తే మంచిదే, కానీ రాకపోయినా నిలబడగలిగే లెక్క మీదే ఇల్లు తాకట్టు పెట్టాలి.

డబ్బు లెక్క కోసం రెండో సమావేశం మొత్తం కేటాయించాం. గుంటూరులోని ఇంటిని తాకట్టు పెట్టి ప్రభుత్వ బ్యాంకు నుంచి తీసుకోగల రుణానికి ఒక హద్దు ఉంది. దానిపైన కావాలంటే తాకట్టు అడగని ప్రైవేటు సంస్థల దగ్గర ఎక్కువ వడ్డీకి తీసుకోవాలి. ఐ-20 మీద కనిపించే జీవన వ్యయాన్ని చాలామంది అదే అసలు ఖర్చనుకుంటారు. అది తరచుగా 9 నెలల విద్యా సంవత్సరానికి వేసిన అంచనా. ఇంటి లీజు మాత్రం 12 నెలలకు రాసుకోవాలి. బోస్టన్‌లో ఎక్కువ లీజులు సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తాయి. ఊరంతా ఒకే రోజున ఇళ్లు మారుతుంది. దిగేటప్పుడు మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల అద్దెకు మించని సెక్యూరిటీ డిపాజిట్ అడగడానికి అక్కడి చట్టం ఇంటి యజమానికి అనుమతిస్తుంది. ఆ రోజుల్లో వీటికి తోడు బ్రోకరు రుసుము కూడా సాధారణంగా అద్దెకు దిగేవారే, దాదాపు ఒక నెల అద్దె చొప్పున, కట్టవలసి వచ్చేది. ఉదాహరణకు నలుగురు కలిసి నెలకు 3,200 డాలర్ల ఇల్లు తీసుకుంటే, సామాను దించకముందే 12,800 డాలర్లు, అంటే తలకు 3,200 డాలర్లు చేతిలో ఉండాలి. బ్రోకరును ఎవరు నియమించుకుంటే వారే రుసుము కట్టాలని 2025 ఆగస్టు 1 నుంచి మసాచుసెట్స్‌లో నిబంధన వచ్చింది కాబట్టి, ఇప్పుడు వెళ్లేవారికి ఈ భారం కొంత తగ్గవచ్చు. ఆరోగ్య బీమా విషయం కూడా ముందే చెప్పాను. పూర్తి సమయం చదివే విద్యార్థులకు బీమా ఉండి తీరాలన్నది ఆ రాష్ట్ర నియమం, మన దేశంలో తీసుకున్న పాలసీ దానికి బదులుగా చెల్లదు. ఈ మొత్తాలన్నీ కలిపి, 24 నెలలకు, డాలరు విలువ కొంత పెరుగుతుందన్న అంచనాతో లెక్క వేస్తే నార్త్‌ఈస్టర్న్ ఖర్చు తాకట్టు రుణపు హద్దును చాలా దూరం దాటిపోయింది. యూమాస్ బోస్టన్ ఖర్చు ఆ హద్దు లోపలే నిలిచింది.

ఇక్కడ కుటుంబంలో అభిప్రాయభేదం వచ్చింది. ఆమె పెద్దమ్మ కూతురు బోస్టన్ బయట ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణంలో ఉంటుంది. "అక్క ఇంట్లోనే ఉంటే అద్దె మిగులుతుంది, ఆ డబ్బు పెద్ద యూనివర్సిటీకి పెట్టవచ్చు" అని తల్లిగారు ఫోనులో అన్నారు. అక్కడి నుంచి నగరంలోకి కమ్యూటర్ రైలు ఉంది. కానీ దాని నెల పాసుకే 300 డాలర్ల పైన అవుతుంది. నగరంలోని మెట్రోకు, బస్సుకు నెల పాసు 90 డాలర్లు. ప్రయోగశాలలో రాత్రి ఆలస్యమైతే రైలు సమయాలకు కట్టుబడి పని మధ్యలో లేచి రావాలి. అక్క ఇంట్లో రెండేళ్లు ఉండటంలోని మొహమాటం గురించి నేను మాట్లాడలేదు, అది వారి కుటుంబ విషయం. మొదటి రెండు వారాలు అక్కడ దిగి గది వెతుక్కోవడానికి మాత్రం ఆ బంధుత్వం ఎంతో ఉపయోగపడుతుందని చెప్పాను, అలాగే జరిగింది.

అప్పుడు మెట్రో పటాన్ని బల్ల మీద పరిచి చూపించాను. యూమాస్ బోస్టన్ సముద్రపు ఒడ్డున కొలంబియా పాయింట్ మీద ఉంది. దాని స్టేషన్ రెడ్ లైన్ మీది జేఎఫ్‌కే/యూమాస్, అక్కడి నుంచి క్యాంపస్‌కు షటిల్ బస్సు నడుస్తుంది. అదే రెడ్ లైన్‌లో ఉత్తరానికి వెళ్తే సౌత్ స్టేషన్, పార్క్ స్ట్రీట్, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి దాటాక నదికి అవతల కెండల్/ఎంఐటీ వస్తుంది. బయోటెక్ సంస్థలకు పేరుపొందిన కెండల్ స్క్వేర్ అదే, ఎక్కడా రైలు మారనక్కరలేదు. దక్షిణానికి వెళ్తే అదే లైన్ మీద క్విన్సీ వస్తుంది, అక్కడ గదులు నగరం మధ్యలో కంటే కొంత అందుబాటులో ఉంటాయి. పెద్ద పేరు లేని విశ్వవిద్యాలయంలో చేరితే నగరానికి దూరమైపోతుందన్న భయం ఆ పటం చూశాక ఆ అమ్మాయి ముఖంలో తగ్గింది.

ఆ పటం మీదే మరొక సంగతి కూడా చూపించాను, ఈ కేసులో నేను ఇచ్చిన సలహాకు అదే ఆధారం. కెండల్ స్క్వేర్‌లో ఉండేవి చాలావరకు పరిశోధన ప్రయోగశాలలు, వాటిలో మంచి స్థానాలకు పీహెచ్‌డీ చేసినవారు పోటీ పడతారు. ఔషధం తయారయ్యే చోట్లు, అంటే క్వాలిటీ కంట్రోల్ విశ్లేషకులను తీసుకునే చోట్లు, నగరం బయట 128, 495 రహదారుల వెంట ఉన్నాయి. మోడెర్నా తయారీ కేంద్రం నార్వుడ్‌లో, ఫైజర్‌ది ఆండోవర్‌లో, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్‌ది డెవెన్స్‌లో ఉన్నాయి. అలాంటి చోట్ల నియామకం చేసే మేనేజరు ముందుగా అడిగేది నియంత్రిత ప్రయోగశాలలో పనిచేశావా, రికార్డు ఎలా రాస్తావు, ఏ యంత్రాలు నీ చేతితో నడిపావు అన్నదే. ఆ ప్రశ్నలకు ఈమె దగ్గర సమాధానాలు ముందే ఉన్నాయి. ఆమెకు ఎం.ఎస్. నుంచి కావలసింది అక్కడి పని హక్కు, ప్రొటీన్ ఔషధాల పరిచయం, అక్కడి వారి సిఫారసు లేఖలు. వాటికి రెట్టింపు ఖర్చు పెట్టనక్కరలేదని నిస్సంకోచంగా చెప్పాను. నిర్ణయం చెప్పడానికి వారికి వారం గడువు ఉంది. నాలుగో రోజున ఆ అమ్మాయే ఫోను చేసి, "సార్, యూమాస్‌కే కడుతున్నాను, నాన్న కూడా సరేనన్నారు" అని చెప్పింది.

తరువాతి రెండేళ్లు సాఫీగా గడవలేదు. 2023 మార్చి నుంచి భద్రతా కారణాల వల్ల బోస్టన్ మెట్రో అంతటా రైళ్ల వేగం తగ్గించారు. రెడ్ లైన్ ప్రయాణం నెలల తరబడి సాగదీసినట్టు నడిచింది, ఆ నియంత్రణలు పూర్తిగా తొలగేసరికి 2024 చివరి నెలలు వచ్చాయి. అంతకంటే పెద్ద దెబ్బ, ఆ కాలంలోనే బయోటెక్ రంగంలో పెట్టుబడులు తగ్గి ఉద్యోగాల కోతలు జరిగాయి. 2023 వేసవిలో ఆమెకు ఇంటర్న్‌షిప్ దొరకలేదు. ఆ ఏడాది చదువులో పెద్ద కో-ఆప్ వ్యవస్థ ఉన్నచోట చేరి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో అని ఆమె అడిగింది. ఉండవచ్చు. ఆ సంవత్సరం కో-ఆప్ దొరకని విద్యార్థులు కూడా నాకు తెలుసు. ఏదేమైనా ఆ అవకాశం కోసం పెంచుకోవలసిన రుణం ఈ కుటుంబం మోయగలిగినది కాదు. ఆ వేసవిలో క్యాంపస్‌లోనే ఒక ప్రొఫెసరు ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరింది. జీతం కొద్దిగానే అయినా, ప్రొటీన్ల శుద్ధి, అణువులను పరిమాణాన్ని బట్టి విడదీసే సైజు ఎక్స్‌క్లూజన్ క్రొమటోగ్రఫీ అక్కడ నేర్చుకుంది. రెజ్యూమెలో మాత్రల నుంచి ప్రొటీన్ ఔషధాల వంటి బయోలాజిక్స్‌కు దారి చూపే పంక్తి అదే అయింది.

2024 మేలో కోర్సు ముగిసింది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే కాలం మొత్తం 90 రోజులే. ఆ హద్దు దగ్గరపడుతుండగా 495 రహదారి వెంట ఉన్న ఒక తయారీ కేంద్రంలో క్వాలిటీ కంట్రోల్ విశ్లేషకురాలిగా పని దొరికింది, అయితే అది ఒక నియామక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద. స్టెమ్ పొడిగింపుకు ఆ సంస్థ ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద నిజంగా శిక్షణ ఇచ్చే యజమానే సంతకం చేయాలి. మధ్యలో ఏజెన్సీ ఉంటే ఇది చిక్కుగా మారుతుంది. అందుకని మొదటి ఏడాదిలోనే నేరుగా సంస్థ ఉద్యోగిగా మారేలా పై అధికారితో మాట్లాడమని చెప్పాను. గడువుకు కొన్ని నెలల ముందు ఆ మార్పు జరిగింది, పొడిగింపు వచ్చింది. రెండో షిఫ్టు రాత్రి ముగిసేసరికి రైలు ఉండదు కాబట్టి పాత కారు ఒకటి కొనుక్కుంది. దాని బీమా ఖర్చు మా లెక్కల్లో లేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ఇలాంటి కేసుల్లో ఆ వరుస కూడా చేరుస్తున్నాను. తాకట్టు రుణం వాయిదాలు ఆమె జీతం నుంచే సాగుతున్నాయి, తండ్రిగారి పింఛను మీద భారం పడలేదు.

ఈ కేసులో పనిచేసిన లెక్క అందరికీ పనిచేయదు. పని అనుభవం లేకుండా బి.ఫార్మసీ ముగియగానే వెళ్లేవారికి నేను ఇదే సలహా ఇవ్వను. అలాంటివారికి సంస్థ లోపలికి తొలి అడుగు వేయించే కో-ఆప్ విలువ చాలా ఎక్కువ, రుణం అందుబాటులో ఉంటే దానికి డబ్బు పెట్టడం సమంజసమే. పరిశోధన వైపు, పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకునేవారైతే లాంగ్‌వుడ్ ఆసుపత్రుల ప్రయోగశాలలతో ఏ విభాగానికి దగ్గరి సంబంధాలున్నాయో చూసుకోవాలి. విశ్వవిద్యాలయాలతో అనుబంధమున్న లాభాపేక్షలేని ఆసుపత్రులకు హెచ్-1బి అనే ఉద్యోగ వీసాకు ఉన్న వార్షిక పరిమితి వర్తించదు కాబట్టి, ఆ వీసా లాటరీ మీద ఆధారపడని దారి అక్కడ ఒకటి ఉంది. కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు రెడ్ లైన్ మీది స్టేషన్ల లెక్క అంతగా ముఖ్యం కాదు. ఫార్మ్.డి చదివినవారు వస్తే మాత్రం నేను మొదటి సమావేశాన్ని ఎఫ్‌పీజీఈసీ నిబంధనల దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే వారికి ఆ తలుపు తెరిచే ఉంది, ఎం.ఎస్. అవసరమా కాదా అన్నది ఆ తరువాతి ప్రశ్న.